అడగకుండానే ‘లేదు’ అని రాసేసిన గడి

విశాఖపట్నంలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు, ఒకే ఒక్క షరతు మీద: “మా మెట్లమీద ఎదురయ్యేవాళ్ళు చదివినా నేనని పోల్చుకోకూడదు.” అందుకని ఊరు తప్ప మిగతా ఆనవాళ్ళు మార్చాను, కొన్ని అంకెలు కూడా అటూ ఇటూ జరిపాను. నా గదిలోకి వచ్చి కూర్చోగానే ఆవిడ అన్న మొదటి మాట “మా అక్కకి వచ్చిందండి” అని. ఏం వచ్చిందో చెప్పలేదు. ఆ రోజు నుంచి నా నోట్సులో ఆవిడ ‘చెల్లెలు’. ఇక్కడా అలాగే పిలుస్తాను.

నేపథ్యం

వయసు 49. భర్త మర్చంట్ నేవీ. ఆరు నెలలు ఓడ మీద, రెండు మూడు నెలలు ఇంట్లో. హార్బరున్న ఊరు కాబట్టి ఇలాంటి ఇళ్ళు మాకు కొత్త కాదు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు. ఇంట్లో ఆవిడ ఒక్కరే. నెలసరి ఏడాదిగా గాడి తప్పింది, రాత్రిళ్ళు ఒంట్లో ఆవిర్లు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 29 దాటింది. మన దేశంవాళ్ళకు వాడే లెక్కలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఆడవాళ్ళ నడుము 80 సెంటీమీటర్ల లోపుండాలి. పెళ్ళినాటికి 52 కిలోలుండేవారట. అంటే సుమారు పాతికేళ్ళలో 19 కిలోలు పెరిగారు.

అక్క వయసు 53. రొమ్ము క్యాన్సర్ బయటపడి అప్పటికి అయిదు నెలలు. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ రకం, అంటే ఈస్ట్రోజెన్ లాంటి ఆడ హార్మోన్ల ఊతంతో పెరిగేది.

చెల్లెలు ఏం అడగడానికి వచ్చారు

ఒక నోటు పుస్తకం తెచ్చారు. ఎడమ పేజీలో ‘మానేసినవి’, కుడి పేజీలో ‘మొదలెట్టినవి’. పాలు, పెరుగు, పంచదార, గుడ్లు, చికెన్, మీల్ మేకర్, మైదా, ప్లాస్టిక్ డబ్బాలు ఎడమవైపు. కుడివైపు పొద్దున్నే యాపిల్, బీట్‌రూట్, క్యారెట్ కలిపిన ఏబీసీ జ్యూసు, గోధుమగడ్డి రసం, అవిసె గింజల పొడి, రెండుపూటలా పసుపు క్యాప్సూళ్ళు, గురువారం, శనివారం ఉపవాసం. రెండు పేజీలూ నా ముందుకు తోసి, “ఇంకా ఏమైనా మిగిలిపోయాయాండీ?” అన్నారు. పరీక్ష పేపరు దిద్దమన్నట్టు.

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకున్నారా అని అడిగాను.

“లేదండి. ముందు తిండి సరిచేసుకుని, ఓ ఆరు నెలలు అయ్యాక తీయించుకుందామని.”

ఆవిడ అడగడానికి వచ్చింది డైట్ గురించే. నాకు కనిపించిన అసలు సమస్య మాత్రం ఆ ఒక్క వాక్యంలో ఉంది. తిండి నియమాలు పరీక్షను వెనక్కి నెట్టే సాకుగా మారాయి. ఆవిడ సోమరితనం వల్ల చేసింది కాదది. భయం ఎక్కువై చేసింది. పళ్ళెంలో ఉన్నది మన చేతిలో ఉంటుంది, రిపోర్టులో వచ్చేది ఉండదు.

మొదట తీసుకున్న నిర్ణయం

అప్పటికప్పుడు రెండు దారులు కనిపించాయి. మామోగ్రామ్ అయ్యేదాకా చార్టు ఇవ్వనని ఖరాఖండిగా చెప్పడం ఒకటి. అలా చెబితే ఆవిడ మళ్ళీ రారు, ఫోనులో వీడియోలు చార్టు ఇస్తాయి. రెండోది, అడిగిన చార్టు ఇచ్చి పరీక్ష సంగతి చివర్లో గుర్తుచేయడం. అప్పుడు నా చార్టే ఆవిడ వాయిదాకు కొత్త ధైర్యమవుతుంది. చివరికి ఆ రోజు చార్టు ఇవ్వలేదు, ఉత్త చేతులతోనూ పంపలేదు. పసుపు క్యాప్సూళ్ళు ఆపమన్నాను. గోధుమగడ్డి రసం ఇష్టం లేకుండా తాగుతున్నారని ముఖం చూస్తేనే తెలిసింది, అదీ మానేయమన్నాను. ఆవిడ ఎదురుగానే గైనకాలజిస్టుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. “రిపోర్టు ఏదైనా సరే, దాంతో రండి. అప్పుడు చార్టు రాద్దాం” అన్నాను.

తొమ్మిది రోజులకు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ నార్మల్ అని వచ్చాయి. ఆవిడ ఆ కవరు నా బల్ల మీద పెట్టి ఏడ్చేశారు. జన్యు పరీక్ష సంగతి అక్క ఆంకాలజిస్టు చూసుకున్నారు. జబ్బు వచ్చినవాళ్ళకే ముందు చేయాలన్నారు, చేస్తే ఈ జబ్బుతో ముడిపడ్డ బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పులేమీ కనపడలేదు. ఇది శుభవార్తే, కానీ దీన్ని పూర్తి భరోసాగా అమ్మకూడదని నా అభిప్రాయం. రొమ్ము క్యాన్సర్లలో నేరుగా వంశపారంపర్య జన్యు లోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. తల్లికో తోడబుట్టినవాళ్ళకో వస్తే మిగతావారితో పోలిస్తే రిస్కు సుమారు రెట్టింపు అంటారు, జన్యు పరీక్ష నెగెటివ్ అయినా సరే. ఇంకోవైపు, ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ వచ్చిన చరిత్రే ఉండదు.

ఎడమ పేజీని కొట్టేయడం

రెండోసారి వచ్చినప్పుడు గంటసేపు ‘మానేసినవి’ పేజీ మీదే కూర్చున్నాం. చార్టు కంటే ముందు ఇది ఎందుకంటే, 49 ఏళ్ళ మనిషి పాలు, పెరుగు, గుడ్లు, చికెన్ అన్నీ ఒకేసారి మానేస్తే మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) అంచున ఎముక, కండ రెండూ పోతాయి. క్యాన్సర్‌కు భయపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నట్టు ఉంటుంది.

పాలు, పెరుగు వల్ల రొమ్ము క్యాన్సర్ పెరుగుతుందని తేల్చిన ఆధారం లేదు. తిరిగి పెట్టాం. చికెన్‌కు హార్మోన్ ఇంజెక్షన్లు పొడుస్తారన్నది అందరి నోటా ఉన్న మాట. బ్రాయిలర్ కోడి త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. వేలకొద్దీ కోళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుని సూది వేసే తీరిక ఏ ఫారంలోనూ ఉండదు. యాంటీబయాటిక్స్ గోల వేరే ఉంది, దాన్ని దీనితో కలపకూడదు. మీల్ మేకర్ సంగతికి వస్తే, సోయాలో ఉన్నది ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థమని విని భయపడ్డారు. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిన ఆడవాళ్ళనే ఏళ్ళ తరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సోయా ఎక్కువ తిన్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టడం తక్కువగానే కనిపించింది. పంచదార నేరుగా క్యాన్సర్‌ను ‘మేపుతుంది’ అనే మాట నిలవదు, బరువు పెంచుతుంది కాబట్టి తగ్గించుకోవాలి. అంతవరకే.

“అయితే ఏ తిండి తింటే రాదండీ?” అన్నారు.

అలాంటి తిండి ఏదీ లేదని చెప్పడం నా వృత్తిలో కష్టమైన పని. జనం డబ్బులిచ్చేది ఆ జాబితా కోసమే. అమెరికాలో 48 వేలకు పైగా మెనోపాజ్ దాటిన స్త్రీలను తీసుకుని, కొందరికి కొవ్వు తగ్గించిన ఆహారం పెట్టి ఎనిమిదేళ్ళు చూశారు. 2006లో ఫలితం వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్లలో తేడా ఉందని గట్టిగా చెప్పలేకపోయారు. అంత పెద్ద ప్రయత్నమే అలా తేలాక, నేను ఒక కాగితం మీద పది కూరగాయల పేర్లు రాసి ధైర్యం చెప్పలేను. మెనోపాజ్ తర్వాతి బరువు, ఒళ్ళు కదలకపోవడం, మద్యం, కొన్ని హార్మోన్ మందులు – వీటి మీద మాత్రం ఆధారాలు బలంగా ఉన్నాయి. ఆవిడ హార్మోన్ మాత్రల సంగతి కూడా అడిగారు, ఆవిర్లు తట్టుకోలేక. 2002లో అమెరికాలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన పెద్ద ట్రయల్‌ను మధ్యలో ఆపేయడానికి రొమ్ము క్యాన్సర్ ఒక కారణం. అక్క చరిత్ర చూసి గైనకాలజిస్టు ఇవ్వలేదు.

బరువు గురించి ఒక మెలిక ఉంది, దాన్ని ఆవిడకు వివరంగానే చెప్పాను. నెలసరి ఉన్నన్నాళ్ళు ఈస్ట్రోజెన్ అండాశయాల నుంచి వస్తుంది, ఆ వయసులో బరువుకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉల్టాగా, అంటే బరువున్నవాళ్ళలో రిస్కు తక్కువగా కూడా కనిపిస్తుంది. నెలసరి ఆగాక అండాశయాలు చేతులెత్తేస్తాయి, అప్పుడు కొవ్వు కణజాలం ఆ పనికి పూనుకుంటుంది. అందులోని ఆరోమటేజ్ అనే ఎంజైము వేరే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఎంత కొవ్వుంటే అంత తయారీ. చెల్లెలు సరిగ్గా ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. బరువు తగ్గడానికి ఇది మంచి అదను.

పిల్లలకు పాలిచ్చిన సంగతీ వచ్చింది. రెండో కాన్పులో మూడు నెలలకే డబ్బా పాలకు మారారట. “అది కూడా ఒక కారణమేనా?” అన్నారు. పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకు రిస్కు 4 శాతం పైచిలుకు తగ్గుతుందని 2002లో అనేక దేశాల సమాచారం కలిపి లెక్కగట్టారు. నిజం చెప్పాను, ఇరవయ్యేళ్ళ కిందటి దాన్ని ఇప్పుడు తవ్వొద్దనీ చెప్పాను. ఆ నోటు పుస్తకంలో ఇంకో గీత పడకుండా చూడడమే నా ఉద్దేశం.

చార్టు, దాని గతి

తర్వాత చేసింది ఏ డైటీషియన్ అయినా చేసేదే. రోజుకు 1400 క్యాలరీల చార్టు. జ్యూసు మాని పండు పండుగానే తినడం. పొద్దున చోడి (రాగి) అంబలి మజ్జిగతో, లేదా రెండు పెసరట్లు. మధ్యాహ్నం అన్నం ఒక కప్పు, పప్పు, కూర, పెరుగు. వారానికి రెండుసార్లు చేప, నెత్తళ్ళయినా సరే. రాత్రి ఏడున్నరకల్లా భోజనం. ఉపవాసం మానమనలేదు, అది ఆవిడకూ వెంకటేశ్వరస్వామికీ మధ్య వ్యవహారం. ఫలహారం పేరుతో సాయంత్రం తినే ఉప్మాకు మాత్రం కొలత పెట్టాను. వారానికి అయిదు రోజులు బీచ్ రోడ్డు మీద నడక, తెల్లవారుజామున వాహనాలు ఆపే వేళలో.

మొదటి నెలలో కిలోన్నర తగ్గారు. ఆ తర్వాత రెండు నెలలు ముల్లు కదల్లేదు. నడక అంతకంటే అన్యాయం, నెలకు అయిదారు రోజులు మించలేదు. “మూడింటికే మెలకువ వచ్చేస్తుందండి, నాలుగున్నరకి మళ్ళీ కునుకు పడుతుంది, లేచేసరికి ఏడు.” ఏప్రిల్‌లో మా ఊళ్ళో ఏడింటికి ఉక్కపోత మొదలైపోతుంది, ఆ వేళ ఎవరూ నడవరు.

ఇక్కడ నేను చేసిన తప్పులు వరసగా ఉన్నాయి. నూనె ఎక్కువ వాడుతున్నారనుకున్నాను. నెల నూనె ఖర్చు అడిగితే అరలీటరు కూడా లేదు. దొంగచాటుగా స్వీట్లు తింటున్నారేమోనని అనుమానించాను, సిగ్గుగా ఉంది ఆ మాట రాయడానికి. క్యాలరీలు 1200కు దించాను. ఆవిడ నీరసపడ్డారు, బరువు అలాగే ఉంది. నిద్ర సంగతి విని మెనోపాజ్ అనుకుని వదిలేశాను. తిండి డైరీలో రాత్రి ఏడున్నర తర్వాత ప్రతిరోజూ ఖాళీయే. ఆ ఖాళీని చూసి ‘బుద్ధిగా ఉన్నారు’ అనుకున్నాను.

లివర్ రిపోర్టు

అదే సమయంలో ఆవిడ ఫిజీషియన్ మామూలుగా రక్త పరీక్షలు చేయించారు. లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 82, జీజీటీ 96, రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 268, మూడూ ఉండాల్సినదానికంటే ఎక్కువే. స్కాన్‌లో ఫ్యాటీ లివర్. పసుపు క్యాప్సూళ్ళు నేను ఆపమన్నా, కొన్న డబ్బా వృథా కాకూడదని ఆవిడ ఇంకా వేసుకుంటున్నారని అప్పుడు బయటపడింది. కూరలో వేసే పసుపుతో భయం లేదు. మిరియాల సారం కలిపి ఎక్కువ మోతాదులో ఇచ్చే క్యాప్సూళ్ళ వల్ల కొందరిలో లివర్ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. దొంగ దొరికాడనుకున్నాం ఇద్దరం. క్యాప్సూళ్ళు నిజంగానే ఆపించాం. ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష. ఎస్‌జీపీటీ 74, జీజీటీ 91. దొంగ అది కాదు, లేదా ఒక్కటే కాదు.

డాక్టరుగారు ఫోన్ చేశారు. “ఆల్కహాల్ సంగతి అడిగారా?”

“లేదని ఫైల్లో ఉంది సార్.”

“ఫైల్లో ఉన్న సంగతి వదిలేయండి. మీరు అడిగారా?”

ఫైలు తెరిచాను. నా చేతిరాతే. పొగ: లేదు. మద్యం: లేదు. ఆ రెండు ప్రశ్నలూ నేను అడిగిన గుర్తు లేదు. ఆ రోజు నా ఎదురుగా నుదుట కుంకుమ, మెడలో నల్లపూసలు, చేతిలో శనివారం ఉపవాసం రాసుకున్న పుస్తకంతో ఒక ఇల్లాలు కూర్చుని ఉన్నారు. నా పెన్ను తనంతట తానే ‘లేదు’ రాసేసింది. రొమ్ము క్యాన్సర్‌కు తిండికి సంబంధించి ఉన్న కారణాల్లో అన్నిటికంటే గట్టి ఆధారమున్నది మద్యానికే. నేను మీల్ మేకర్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను, ఆ గడి గురించి ఇరవై సెకన్లు కూడా ఆగలేదు.

ఆ ప్రశ్న ఎలా అడిగాను

“మీరు మందు తాగుతారా?” అని అడిగితే ఆవిడ లేదనే అనేవారు, అబద్ధం కూడా అయ్యేది కాదు. మందు అంటే ఆవిడ దృష్టిలో మగవాళ్ళు కొట్టు ముందు నిలబడి తాగేది. మన భాషలో ఇదో తమాషా. ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన కొట్లో వైన్ తప్ప అన్నీ అమ్ముడవుతాయి, ఇంట్లో అల్మారాలో ఉన్న అసలు వైన్‌ను మాత్రం ఎవరూ మందు అనరు.

అందుకని ఖాళీ గంటల నుంచి మొదలెట్టాను. “రాత్రి భోజనం అయ్యాక, పడుకునేలోపు ఏం తాగుతారండీ? పాలు, మజ్జిగ, టీ, వైన్, ఏదైనా?” మజ్జిగకూ వైన్‌కూ ఒకే గొంతు. ఆవిడ తలుపు వైపు చూశారు. వేసే ఉంది.

“మా ఇంటాయన తెచ్చినదండి. రెడ్ వైన్. గుండెకి మంచిదని అంటారు కదా. ఒక్క గ్లాసే.”

ఎన్నాళ్ళ నుంచి అన్నాను. చిన్నవాణ్ణి హాస్టల్లో చేర్చినప్పటి నుంచి, మూడేళ్ళు. వారానికి ఎన్ని రోజులు? నాలుగు, అయిదు. దాంతోపాటు ఏమైనా? వేయించిన పలాస జీడిపప్పు, ఒక చిన్న గిన్నెడు.

“ఆయన ఓడెక్కాక ఇల్లు పెద్దదైపోతుందండి” అన్నారు.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆవిడే అన్నారు: “మీరు తిండి అడిగారు. ఇది తిండి కాదు కదా.” డైరీలో ఆ ఖాళీకి అర్థం అదీ.

గ్లాసు కొలత

‘ఒక్క గ్లాసు’ అనేది కొలత కాదు. ఇంటికి వెళ్ళాక అదే గ్లాసులో ఎప్పుడూ పోసే గీత దాకా నీళ్ళు పోసి, రైస్ కుక్కర్ కప్పుతో కొలవమన్నాను. ఆ కప్పు 180 మిల్లీలీటర్లు. ఆవిడ ఫోన్ చేశారు, కప్పు నిండి ఇంకో కప్పులో సగానికి కాస్త తక్కువ. 250 మిల్లీలీటర్లు అనుకోవచ్చు. సీసా మీద 13 శాతం. లెక్కగడితే గ్లాసుకు 25 గ్రాముల అసలు ఆల్కహాల్. పరిశోధనల్లో 10 గ్రాములను ఒక కొలతగా తీసుకోవడం మామూలు. ఆవిడ ఒక్క గ్లాసు రెండున్నర గ్లాసులు. క్యాలరీలు 180కి తక్కువ కాదు, 50 గ్రాముల జీడిపప్పుతో ఇంకో 290. 1400 చార్టు ఎందుకు కదల్లేదో అక్కడ తేలింది.

నిద్ర ముడి కూడా ఇక్కడే విడింది. వైన్ తాగితే తొందరగా కునుకు పడుతుంది, కానీ అది ఒంట్లోంచి దిగిపోయే వేళకు, అంటే అర్ధరాత్రి దాటాక, నిద్ర చెదిరిపోతుంది. మూడింటి మెలకువ, పోయిన తెల్లవారి నడక, రెండూ ఆ గ్లాసు దగ్గరికే వెళ్ళాయి. నేను మాత్రం బీచ్ రోడ్డు ఎంత బాగుంటుందో చెబుతూ వచ్చాను.

రిస్కు గురించి ఎలా చెప్పాలన్నది కాసేపు తర్జనభర్జన పడ్డాను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటిలో మొదటి వర్గంలో పెట్టింది. ఒంట్లో అది అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది, ఈస్ట్రోజెన్‌ను పెంచుతుంది, ఫోలేట్ అనే విటమిన్ పనికి అడ్డుపడుతుంది. రెడ్ వైన్ అయినా, విస్కీ అయినా అదే ఆల్కహాల్. రోజుకు ప్రతి 10 గ్రాములకు రొమ్ము క్యాన్సర్ రిస్కు 7 నుంచి 10 శాతం దాకా పెరుగుతుందని అధ్యయనాలు కలిపి చూసినప్పుడు వస్తున్న అంచనా. ఈ శాతాలను ఉన్నపళంగా చెబితే, అప్పటికే భయంతో పాలు మానేసిన మనిషి ఏం చేస్తారో తెలియదు. అందుకని ఇలా చెప్పాను: “మీలాంటివాళ్ళు వంద మంది ఉన్నారనుకోండి. వాళ్ళలో ఆరుగురికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనుకుందాం, లెక్క కోసం. రిస్కు 20 శాతం పెరిగితే ఆ ఆరుగురు ఏడుగురవుతారు.”

కాసేపు ఆలోచించి, “ఆ ఏడో ఆవిడ నేనైతే?” అన్నారు. వెంటనే ఇంకోటి: “మా అక్క జన్మలో చుక్క ముట్టలేదు. అక్కకెందుకు వచ్చినట్టు?”

రెండింటికీ నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించలేదు. వందమంది గురించి చెప్పగలిగే లెక్కతో ఒక మనిషికి ఎందుకొచ్చిందో, ఎందుకు రాలేదో చెప్పలేమని మాత్రం అన్నాను.

ఏం పనిచేసింది

ముందు ఫిజీషియన్‌తో మాట్లాడాను. రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం ఉండొచ్చు, ఆ నిర్ణయం డైటీషియన్‌ది కాదు. తాగే అలవాటును అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ‘ఆడిట్’ ఆయనే చేశారు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే ఆలోచించాలి, ఆవిడకు 5 వచ్చింది. నేరుగా తగ్గించొచ్చన్నారు.

వైన్ బదులు ఇంకో డ్రింక్ చెబుదామని మొదట అనుకున్నాను, నిమ్మకాయ సోడానో, హెర్బల్ టీనో. ఆవిడ వారం ప్రయత్నించి, “గ్లాసు మారిందండి, రాత్రి మారలేదు” అన్నారు. అప్పుడు అర్థమైంది, మార్చాల్సింది గ్లాసులో ఉన్నదాన్ని కాదు. సాయంత్రం ఏడు నుంచి పదిన్నర దాకా ఉన్న ఆ మూడున్నర గంటలను.

దారి ఆవిడే కనిపెట్టారు, నా గొప్ప ఏమీ లేదు. అక్క ఇల్లు పాతిక నిమిషాల నడక దూరంలో ఉంది. అప్పటిదాకా ఎప్పుడు వెళ్ళినా ఆటోలోనే. కీమో తర్వాత అక్కకు వంట చేసే ఓపిక లేదు. ఆరింటికి క్యారేజీ పట్టుకుని నడిచి వెళ్ళడం, ఇద్దరూ కలిసి ఏడున్నరకు తినడం, తొమ్మిదింటికి నడిచి రావడం. కుక్కల భయం ఉన్న రోజుల్లో తిరుగు ప్రయాణం ఆటో. అయినా వారానికి 200 నిమిషాలకు తగ్గలేదు. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చెబుతారు. తెల్లవారి అయిదింటికి లేపలేకపోయిన నడకను అన్నం క్యారేజీ లేపింది.

నేను ఊహించనిది ఇంకోటి జరిగింది. కీమోలో ఉన్న అక్కకు ఆసుపత్రి డైటీషియన్ గుడ్లు, చేప, పెరుగు తప్పకుండా తినమన్నారు. క్యాన్సర్ ఉన్న అక్కే చికెన్ పులుసు తింటుంటే, లేని చెల్లెలు ఎందుకు మానాలి? ఎడమ పేజీ గురించి నేను చెప్పిన గంట పాఠం కంటే ఆ ఒక్క గిన్నె పులుసు ఎక్కువ పనిచేసింది. రెండు వారాల్లో గుడ్లు, పెరుగు వాటంతటవే తిరిగి వచ్చాయి.

వైన్ ఒక్కసారిగా మానలేదు. మొదటి పది రోజులు నిద్ర ఇంకా పాడైంది, డాక్టరుగారు ముందే హెచ్చరించారు కాబట్టి బెదరలేదు. రెండో నెలకు వారానికి ఒక్కసారి, అదీ రైస్ కుక్కర్ కప్పులో సగం. మెలకువ మూడింటి నుంచి అయిదింటికి జరిగింది. ఆవిర్లు తగ్గాయని ఆవిడ అంటారు, నేను కొలవలేదు. ఫిజియోథెరపిస్టు నేర్పిన కుర్చీ వ్యాయామాలు, రబ్బరు బ్యాండు వ్యాయామాలు వారానికి రెండుసార్లు ఇంట్లోనే చేశారు, ఎముక కోసం, కండ కోసం. క్యాలరీలు మళ్ళీ 1500కు పెంచాను. చార్టు కాగితం ఫ్రిజ్ మీంచి ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియదు.

భర్త సెలవు

ఏడో నెలలో ఆయన ఓడ దిగారు. “ఆయనొచ్చాక నా వల్ల కాదండి” అని ముందే చెప్పారు. అన్నంత పనీ అయింది. స్నేహితుల ఇళ్ళలో పార్టీలు, బీచ్ రోడ్డు మీద తినుబండారాలు, రెండు నెలల్లో దగ్గర దగ్గర రెండు కిలోలు. ఆయన్ని ఒకసారి తీసుకురమ్మన్నాను. వచ్చారు, అయిష్టంగా.

“ఒక్క గ్లాసుకు క్యాన్సరేంటి మేడమ్? గుండెకి మంచిదని డాక్టర్లే అంటారు.”

గుండె వాదన చాలా ఏళ్ళు నడిచింది, ఇప్పుడు బలహీనపడింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పింది. ఇవన్నీ చెప్పాను. ఆయన తల ఊపారు, నమ్మినట్టు అనిపించలేదు. వదినగారి రిపోర్టులు కళ్ళారా చూసినవాడు కాబట్టి వాదించలేదంతే. మరుసటి ట్రిప్పులో ఆల్కహాల్ లేని వైన్ తెచ్చారట. ఆవిడ ఒక గుక్క తాగి, “పులిసిపోయిన ద్రాక్షరసంలా ఉంది” అని సింకులో పారబోశారు.

ఇంకో దెబ్బ నేను ఊహించని వైపు నుంచి వచ్చింది. అక్క చికిత్స పూర్తయ్యాక ఓపిక తిరిగి వచ్చింది. “రోజూ రానక్కర్లేదే, నాకూ కాస్త ఒంటరిగా ఉండాలనిపిస్తుంది” అన్నారట. చెల్లెలు బాధపడ్డారు, రెండు వారాలు నడక ఆగింది, గ్లాసు రెండుసార్లు పెద్దదైంది. తర్వాత ఇద్దరూ వారానికి మూడు రోజులకు ఒప్పందం చేసుకున్నారు. మిగతా రోజుల్లో ఆవిడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడుస్తున్నారు, భర్తతో వీడియో కాల్ మాట్లాడుతూ. సెల్లార్‌లో సిగ్నల్ సరిగా రాదు, అరుస్తూ నడుస్తారు.

ఎక్కడ తేలాం

పద్నాలుగు నెలలకు బరువు 64.5 కిలోలు, నడుము 86 సెంటీమీటర్లు. ఎస్‌జీపీటీ 34, జీజీటీ 38, ట్రైగ్లిజరైడ్లు 158. ఇందులో వైన్ వాటా ఎంత, జీడిపప్పుది ఎంత, నడకది ఎంత, పసుపు క్యాప్సూళ్ళది ఎంత అని విడదీయడం కుదరదు, అన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకున్నవే. ఫ్యాటీ లివర్ బరువు వల్లే వచ్చిందనీ అనొచ్చు. రొమ్ము క్యాన్సర్ రిస్కు తగ్గిందా అంటే, ఒక మనిషిలో దాన్ని చూపించే పరీక్ష ఏదీ లేదు. ఈ కేసు అది రుజువు చేయదు, చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

నా ఫారంలో ఆ గడి తీసేశాను. దాని చోట ‘రాత్రి భోజనం తర్వాత తాగేవి’ అని రాసి కింద అయిదు పేర్లు పెట్టాను: పాలు, మజ్జిగ, టీ, వైన్ లేదా బీరు, కల్లు. ఆడా మగా తేడా లేకుండా అందరినీ ఇదే అడుగుతాను, తోడు వచ్చినవాళ్ళను ఒక నిమిషం బయట కూర్చోమని. ఏజెన్సీ ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు నేను అడగకముందే జీలుగు కల్లు సంగతి నవ్వుతూ చెప్పేస్తారు. సిటీ వాళ్ళకే తలుపు వైపు చూసే అలవాటు. ‘ఖాళీ’గా ఉన్న డైరీ గంటలను ఇప్పుడు ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకుంటాను.

చెల్లెలు ఫైల్లో ఆ పాత ‘లేదు’ను కొట్టేయలేదు. పక్కన తేదీ వేసి కొత్త గీత రాశాను: నెలకు రెండు మూడుసార్లు, అర కప్పు. తర్వాతి మామోగ్రామ్ కార్తీక మాసం అయ్యాక పెట్టుకున్నారు. ఈసారి వాయిదా కాదట, తేదీ తీసుకుని వచ్చారు. అక్కకు చెకప్ కూడా అదే రోజు ఉందట, ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్తారు.